నిమిషమున పుట్టిన రథము

ఒహాయో రాష్ట్రమున సిన్సినాటి నగరము నలుదిక్కుల చుట్టుకొనియున్న నార్వుడ్ అను చిన్న పట్టణమున, 1923లో తెరువబడి 1987లో మూతపడిన జనరల్ మోటార్స్ వారి కార్ఖానా యొకటి యుండెడిది. 1969 నమూనాగా షెవ్రొలే శాఖవారు చేసిన కమారో కార్లు 2,40,000కు పైబడినవి; వానిలో అధికభాగము ఈ నార్వుడ్‌లోను, తక్కినవి కాలిఫోర్నియాలోని వాన్ నైస్‌లోను తయారైనవి. ఆ కాలపు పెద్ద కార్ఖానాలలో, కదలుచుండెడి వరుస చివరనుండి ఇంచుమించు నిమిషమునకొక కారు వెలువడుట సామాన్యవిషయము. అట్లు నిమిషమాత్రమున లోకమున బడిన కారునే నేడొక గృహస్థు కొని, ఏదో యొక చిన్న ఊరి పనివాండ్ర షెడ్డునకు తోలించి, రేకు రేకు విప్పించి, మూడేండ్లో నాలుగేండ్లో, ఒక్కొక్కచో అంతకు రెట్టింపో వేచియుండి, తనకు నచ్చిన రీతిని మరల కట్టించుకొనుచున్నాడు. పుట్టుటకు నిమిషము పట్టిన వస్తువు తిరిగి పుట్టుటకు సంవత్సరములు పట్టుట ఎట్లు సంభవించినదో తెలిసికొనవలెనన్న, ఆ కారు పుట్టుకకు వెనుక నున్న చరిత్రను కొంత తడవి చూడవలసియున్నది.

నిజమునకు కారు వచ్చిన తొలినాళ్ళలో దానిని చేయించుకొనుటయే ఆచారము. తయారైన దానిని అంగడిలో కొనుక్కొనుట తరువాత వచ్చిన అలవాటు. ధనవంతుడు కంపెనీనుండి ఇంజను, చట్రము, చక్రములు మాత్రము కొని, వానిని గుర్రపుబండ్లు కట్టుటయందు తరతరములుగా చేయి తిరిగినవారి కర్మశాలకు పంపి, తన అంతస్తునకును అభిరుచికిని తగిన పైకట్టడమును కట్టించుకొనెడివాడు. మన హైదరాబాదునకును ఈ ఆచారముతో ఒక బంధము కలదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ రోల్స్ రాయిస్ వారి సిల్వర్ ఘోస్ట్ కారు నొకదానిని కోరి, బార్కర్ అను ఆంగ్ల కర్మశాలవారిచేత దానిపై సింహాసనమువంటి ఆసనముతో పసుపుపచ్చని కట్టడమును ఏర్పాటు చేయించెను. 1911 ఆగస్టులో ఆయన కాలధర్మము నొందెను. కారు ఆ తరువాతనే వచ్చి ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ పాలిటి వస్తువయ్యెను. చౌమహల్లా ప్రాసాదమున ఆ పచ్చని కారును నేడును చూడవచ్చును. చేయించుకొను వస్తువునందు కోరినవాని కాలమొకటి, చేయువాని కాలమొకటి పెనగొనియుండును. ఆ రెండు కాలములు కలియకపోవుట ఎంత సహజమో ఆ కారును చూచినపుడెల్ల నాకు స్ఫురించుచుండును.

అమెరికాలోను అట్టి కర్మశాలలు విరివిగా నుండెడివి. లాస్ ఏంజెలిస్ నగరమున హార్లీ అర్ల్ అను యువకుడు, తన తండ్రి నడపిన బండ్ల కర్మశాలయందు చలనచిత్రనటులకు వింతవింత కార్లను రూపించి పేరొందగా, జనరల్ మోటార్స్ వారు ఆయనను డెట్రాయిట్‌కు రప్పించి, 1927 నాటి లసాల్ కారును తీర్పించి, ఆ వెంటనే రూపకల్పన శాఖకు అధిపతిని చేసిరి. ఒక్కొక్కని కోరికను విడివిడిగా తీర్చుటలో ఆరితేరిన చేయి అట్లు లక్షలమందికి ఒకే కోరికను కల్పించు పనిలో కుదిరినది. అంతకు పూర్వమే, 1913లో, హెన్రీ ఫోర్డు హైలండ్ పార్కు కార్ఖానాలో కదలెడి వరుసను నెలకొల్పగా, పండ్రెండున్నర గంటలు పట్టుచుండిన చట్రపు కూర్పు కొలది నెలలలోనే 93 నిమిషములకు దిగెను. రేకును ఒక్క దెబ్బతో తలుపుగానో పైకప్పుగానో మలచు మహాయంత్రములు వచ్చినవి. వాని అచ్చులకగు వ్యయము అపారమగుటచే, ఒకే రూపమును లక్షల సంఖ్యలో అమ్మినగాని గిట్టుబాటు కాని స్థితి యేర్పడినది. 1930 దశకపు ఆర్థికమాంద్యము ఆ పాత కర్మశాలలను ఒకటొకటిగా మూయించెను.

కారును తనకు నచ్చినట్లు చేయించుకొను కోరిక ధనికుల మేడలయందు ఆరిపోవుచుండిన దశలోనే పేద యువకుల షెడ్లయందు రాజుకొనుట చరిత్రలోని వింత. 1932లో ఫోర్డు సంస్థ సామాన్యుడు కొనగల ధరకు ఎనిమిది సిలిండర్ల ఇంజనును ప్రవేశపెట్టెను. 221 ఘనాంగుళముల పరిమాణము, 65 అశ్వశక్తి. ఏండ్లు గడచి ఆ కార్లు పాతబడి చౌకకాగా, దక్షిణ కాలిఫోర్నియా కుర్రవాండ్రు వానిని కొని, చక్రములపై కప్పులు మొదలుగా అనవసరమని తోచిన బరువునెల్ల ఊడబీకి, ఇంజనును విప్పి బలపరచి, మురాక్, ఎల్ మిరాజ్ అను ఎండిన సరస్సుల అడుగున, కనుచూపు మేర చదునుగా నున్న గట్టినేలపై వేగముగా తోలి పందెములు వేసికొనెడివారు. వానినే హాట్ రాడ్ కార్లనిరి. 1937లో ఆ కుర్రవాండ్ర సంఘములు కొన్ని కలిసి దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా నేర్పడినవి. పిదప రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. లేతు పట్టుట, వెల్డింగు చేయుట, విమానపు ఇంజను విప్పి బిగించుట నేర్చిన వేలాది యువకులు యుద్ధానంతరము ఇంటికి మరలి వచ్చిరి. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ ‘హాట్ రాడ్’ అను పత్రికను ప్రారంభించుటతో, ఒక మూల షెడ్డులో జరిగిన పని దేశమునకంతకు తెలియసాగెను.

ఈ హాట్ రాడ్‌ల దృష్టి వేగముపై నిలిచియుండగా, వేరొక బృందము దృష్టి రూపముపై నిలిచినది. కాలిఫోర్నియాలో సాక్రమెంటో సమీపమున రోజ్‌విల్‌లో పెరిగిన జార్జి బారిస్, శాం బారిస్ అను గ్రీకు వంశపు సోదరులు లాస్ ఏంజెలిస్ చేరి, లిన్‌వుడ్ ప్రాంతమున షాపు పెట్టి చేసిన పనిని ఈ వృత్తికి ప్రబంధదశ యనవచ్చును. 1949 మెర్క్యురీ కారును శాం బారిస్ పైకప్పు స్తంభములవద్ద అడ్డముగా కోసి, కొన్ని అంగుళములు తొలగించి, కప్పును క్రిందికి దింపి మరల అతికెను. వినుటకు సులభముగా తోచు ఈ పనియొక్క కాఠిన్యము చేసినవానికే యెరుక. కారు స్తంభములు నిటారుగా నుండవు, లోనికి వాలియుండును. కావున పొట్టిచేసిన స్తంభము పైభాగము క్రింది భాగమునకు ఎదురుగా రాదు. కప్పును నిలువునను అడ్డమునను మరల కోసి సాగదీయవలెను. అద్దములన్నియు కొత్తగా కోయించవలెను. వెనుకవైపు వంపు తెగిన పాటవలె వినబడక ఒకే ఆలాపనగా సాగవలెను.

అతుకులను కప్పుటకు అపుడు సీసమే సాధనము. ఇంచుమించు 70 పాళ్ళు సీసము, 30 పాళ్ళు తగరము కలిపిన కడ్డీని మంటతో వేడిచేయుచు, అది కరగి కారిపోకమునుపు వెన్నవలె మెత్తబడు ఆ కొలది క్షణముల వ్యవధిలో, నూనెయో కొవ్వో పూసిన కొయ్యతెడ్డుతో రేకుపై పరచి, చల్లారిన పిదప ఆకురాయితో అరగదీసి, రేకెచట ముగిసినదో సీసమెచట మొదలైనదో వ్రేలికి తెలియకుండునంత నున్నగా చేయుదురు. మంట ఎక్కువైన రేకు వంకర తిరుగును. తక్కువైన సీసము పట్టదు. ఆ పొగ ఆయువును తినునదని తెలిసియు పని మానినవారు అరుదు. 1950 దశకపు నడుమ ప్లాస్టిక్ పుట్టీ వచ్చి పని సులభమయ్యెను గాని, నేడును పాతకాలపు విద్యపై గౌరవముగల షాపులలో ముఖ్యమైన అతుకులకు సీసమునే వాడువారు కలరు. బారిస్ సోదరులు 1952లో పూర్తిచేసిన ‘హిరోహాటా మెర్క్’ అను 1951 నాటి మెర్క్యురీ, డెబ్బది యేండ్లకు పైబడిన పిమ్మటను ఈ కళకు గీటురాయిగా నిలిచియున్నది.

ఇక మజిల్ కారు, అనగా కండబలపు కారు, పుట్టిన కథ. ఇది శిల్పమునుండి గాక తొందరనుండి పుట్టినది. 1963 ఆరంభమున జనరల్ మోటార్స్ అధిష్ఠానము తన శాఖలేవియు పందెములకు తోడ్పడరాదని శాసించెను. పందెముల కీర్తితోనే యువకుల మనసు చూరగొనియున్న పాంటియాక్ శాఖకు అది పిడుగుపాటయ్యెను. ముఖ్య ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయన సహచరులు బిల్ కాలిన్స్, రస్ జీ ఒక ఉపాయము కనుగొనిరి. పాంటియాక్ వారి 326 ఘనాంగుళముల ఇంజనును, పెద్ద కార్లలో వాడు 389 ఘనాంగుళముల ఇంజనును పైకొలతలలో ఒక్కటే. చిన్నది అమరు చోట పెద్దదియు అమరును. నడిమి తరగతి కార్లలో 330 ఘనాంగుళములకు మించిన ఇంజను ఉండరాదని సంస్థ నియమముండెను. అయితే ఆ నియమము కొత్త నమూనా కారునకే గాని, కొనువాడు విడిగా కోరుకొను అదనపు సామగ్రికి వర్తించునని ఎచటను వ్రాయబడలేదు. కావున టెంపెస్ట్ కారునకు ఒక అదనపు సామగ్రి కట్టగా 389 ఇంజనును చేర్చి, దానికి ఇటలీ దేశపు ఫెరారీ పందెపు కారునుండి జీటీఓ యను పేరు తెచ్చి, 1964 నమూనాగా విపణిలో విడిచిరి. ఐదువేల కార్లు చేసిన చాలునని అమ్మకముల శాఖవారనుకొనిరి. ఆ మొదటి యేటనే 32,450 అమ్ముడుపోయినవి.

అంతట డెట్రాయిట్ నగరమునకు పూనకము వచ్చినట్లయ్యెను. 1964 ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనశాలలో ఫోర్డు మస్టాంగ్‌ను ఆవిష్కరింపగా, దానికెదురుగా షెవ్రొలే వారు 1967 నమూనాగా కమారోను దింపిరి. క్రైస్లర్ వారు 426 ఘనాంగుళముల హెమీ ఇంజనును 1966నుండి వీథికార్లలోనే అమ్మిరి. చేయించుకొనుట అను ఆచారము ఆ రోజులలో మరియొక వేషమున ప్రత్యక్షమైనది: కార్లమ్ము డీలర్లే పనివాండ్రైరి. పెన్సిల్వేనియాలోని కానన్స్‌బర్గ్‌లో డాన్ యెంకో, మిషిగన్‌లోని రాయల్ ఓక్‌లో రాయల్ పాంటియాక్ వారు, న్యూయార్కు దగ్గర బాల్డ్విన్‌లో ఒక డీలరుతో కూడి జోయెల్ రోజెన్ నడపిన మోషన్ సంస్థ, కంపెనీ పెట్టని పెద్ద ఇంజనును తామే పెట్టియో పెట్టించియో, కొనువాని కోరిక కొలదిగా కారును సిద్ధపరచి యిచ్చెడివారు. 1969లో అల్యూమినియపు 427 ఇంజనుతో వచ్చిన జెడ్‌ఎల్1 కమారోలు అట్టి డీలరొకని పట్టుదలవల్లనే పుట్టినవి. మొత్తము 69 మాత్రమే. ఇంజనొక్కదాని ధరయే 4,000 డాలర్లు మించుటచే, వానిలో కొన్ని కొనువారు లేక చాలకాలము నిలిచిపోయినవి! నేడు వాని విలువ వేరు లెక్కలది.

ఆ వైభవము ఎంత శీఘ్రముగా వచ్చినదో అంత శీఘ్రముగా పోయినది. యువకుల ప్రమాదములు లెక్కించి బీమా కంపెనీలు రుసుమును పెంచినవి; 1970లో గాలి పరిశుభ్రతకై చట్టము వచ్చినది; 1971 నమూనాలనుండి జనరల్ మోటార్స్ తన ఇంజనుల ఒత్తిడి నిష్పత్తిని తగ్గించెను; 1973 అక్టోబరులో అరబ్బు దేశముల చమురు నిషేధము తక్కిన పని పూర్తిచేసెను. అయితే వీనియన్నిటికంటె నన్ను కదలించు ఘట్టము నార్వుడ్‌లోనే జరిగినది. యాజమాన్యము మనుష్యులను తగ్గించి వరుస వేగమును పెంచుటను సహింపలేక, 1972లో కార్మికులు సమ్మె కట్టిరి; అది 174 దినములు సాగెను. ఆగిన వరుసపై కమారో, ఫైర్‌బర్డ్ కార్లు సగము కట్టినవి నిలిచిపోయినవి. సమ్మె ముగియునప్పటికి 1973 సంవత్సరపు బంపర్ల చట్టము అమలునకు వచ్చియుండుటచే, వానిని పూర్తిచేసి అమ్ముటకు వీలులేక, వేయికి పైబడిన ఆ కార్లను పాడుచేసి తుక్కుపాలు చేయవలసివచ్చెను. నిమిషమునకై జరిగిన పెనుగులాటలో నిమిషము కోల్పోయిన కార్లకు బ్రతుకే లేకపోయినది.

వరుస దాటి వెలువడిన కార్లదియు సుఖాంతమేమియు కాదు. వానిని చేసిన తొందర వాని యొడలిలోనే దాగియుండెను. రేకుమీద రేకు పెట్టి చుక్కచుక్కగా వెల్డింగు చేసిన అతుకుల నడుమ రంగు చేరదు, నీరు చేరును. మిషిగన్, ఒహాయో రాష్ట్రములలో చలికాలమున మంచు కరగుటకు రోడ్లపై చల్లెడి ఉప్పు ఆ నీటితో కలిసి, లోపలినుండి రేకును తినును. బయటి రంగు పొంగి బుడగ కనబడునప్పటికి లోన మిగిలినది తుప్పే. వెనుక అద్దము చుట్టు కారిన వాన డిక్కీ నేలను, ముందు అద్దము క్రింద నిలిచిన ఆకులచెత్త కాళ్ళు పెట్టు నేలను పాడుచేయును. అలంకారముకొరకు పైకప్పునకు అంటించిన వినైలు గుడ్డ తేమను పట్టియుంచి తానే కప్పును కుళ్ళజేయును. పదేండ్లు తిరుగునప్పటికి ఈ కార్లు వాడిన చెప్పులవలె చౌకబడి, చేతులు మారి, పెరళ్ళలోను కొట్టములలోను చేరినవి.

వానిని మరల వెలికి తెచ్చినది జ్ఞాపకము. 1966లోనో 1969లోనో పదునారేండ్ల ప్రాయమున పొరుగింటి అన్నయ్య జీటీఓను ఆశగా చూచిన బాలుడు, పెండ్లియై, సంసారము కుదుటబడిన పిదప, చేత నాలుగు డబ్బులు ఆడు వయసునకు వచ్చెను. అట్టివారికై పాతకాలపు విడిభాగములను తిరిగి అచ్చుకొట్టి యమ్ము సంస్థలు 1980 దశకమున వెలసినవి. జార్జియా రాష్ట్రమున 1981లో ప్రారంభమైన ఇయర్ వన్ వానిలో పేరుగన్నది. క్రమముగా తలుపులు, నేలరేకులే గాక, మస్టాంగ్, కమారోల పూర్తి కట్టడములే కొత్తవి దొరకు కాలము వచ్చినది. అపుడు రెండు మార్గములేర్పడినవి. కార్ఖానానుండి వెలువడిన నాడెట్లున్నదో అట్లే, ఇంజనుపై ముద్రించిన అంకెతో సహా సరిపోలునట్లు నిలుపవలెనను వారు ఒక తెగ. పాత రూపమును మాత్రముంచి, లోన నేటి ఇంజను, నేటి బ్రేకులు, నేటి స్ప్రింగులు పెట్టి, వంపులలో సైతము నిబ్బరముగా పోవునట్లు చేయవలెననువారు మరియొక తెగ. ఈ రెండవ మార్గమునకు 1990 దశకమున ప్రో టూరింగ్ అను పేరు వచ్చినది. జనరల్ మోటార్స్‌లోనే ఇంజనీరుగా పనిచేసిన మార్క్ స్టీలో కట్టిన 1969 కమారోలు దానికి దారి చూపినవి. 1997లో కోర్వెట్టు కారుతో వచ్చిన ఎల్‌ఎస్1 ఇంజను, తేలికయు బలిష్ఠమునగుటచే, ఈ పనులకు కామధేనువయ్యెను. నా మట్టుకు నేను, తుప్పు తినక, మూలరంగుతో మిగిలియున్న అరుదైన కారును కోసి మార్చుట అపచారమనియే భావింతును. కాని ఆరు సిలిండర్ల సాధారణ ఇంజనుతో పుట్టి, సగము కుళ్ళి, ఎవరికిని పనికిరాక పడియున్నదానిని తీసికొని కొత్త ప్రాణము పోయుటలో దోషమేమియు కానరాదు.

అట్టి షాపులో జరుగు పనిని కొంత వివరముగా చెప్పవలెను, ఏలయన సంవత్సరములెట్లు గడచునో అచటనే తెలియును. కారు రాగానే దానిని నలుప్రక్కల ఫోటోలు తీసి, విప్పుట మొదలిడుదురు. ప్రతి బోల్టును ఒక సంచిలో వేసి, ఏ చోటిదో వ్రాసి కట్టుదురు. రేకులపైనున్న రంగును సన్నని రవ్వను గాలిలో చిమ్మి రాల్చుదురు. గరుకు ఇసుకను దగ్గరగా చిమ్మినచో రేకు వేడెక్కి వంగునని మెత్తని రవ్వను ఎన్నుకొందురు. ఆనాడే మునుపటి యజమానులు పుట్టీతో కప్పిపుచ్చిన గాయములన్నియు బయటపడును, మొదట వేసిన లెక్కయు తారుమారగును. పిదప కట్టడమును రెండు కొనలయందును పట్టి నిలువుగా తిప్పుటకు వీలగు చట్రమునకెత్తి, తుప్పు పట్టిన భాగము కోసి కొత్త రేకతికెదరు. దొరకని భాగమును రెండు చక్రముల నడుమ రేకును ముందునకు వెనుకకు నడపి వంపు తెచ్చు ఇంగ్లీషు వీలుపై చేతితోనే తీయుదురు. వడ్రంగి, కమ్మరి, కంచరి మొదలగువారి చేతులన్నియు కలిసినగాని మన ఆలయరథము వీథికి రానట్లే, రేకుపనివాడు, ఇంజను బోరు చేయు లేతుపనివాడు, తీగలు కలుపువాడు, సీట్లు కుట్టువాడు, రంగువాడు కలిసినగాని ఈ రథము కదలదు. ఒకని పని ముగిసినగాని మరొకని పని మొదలుకాదు.

కార్ఖానాలో తలుపునకును ప్రక్కరేకునకును నడుమ ఖాళీ ఒకచోట వెడలుపుగా, ఒకచోట ఇరుకుగా నుండుటను ఎవరును తప్పుపట్టలేదు. ఇచట ఆ ఖాళీ పైనుండి క్రిందివరకు సన్నని గీతవలె ఒక్కతీరుగా నుండవలెను. దానికై తలుపు అంచునకు సన్నని తీగ వెల్డింగు చేసి, ఆకురాయితో రాచి, తలుపు మూసి చూచి, మరల తీసి రాచెదరు. అన్ని భాగములును అమరినవో లేవో తెలియుటకు, రంగు వేయకమునుపే కారునంతను ఒకమారు పూర్తిగా బిగించి, సరిచూచి, మరల పూర్తిగా విప్పుదురు! ఆ తరువాత ప్రైమరు పూసి, దానిపై నల్లని రంగును మంచువలె చిలకరించి, పొడవైన బల్లకు ఉప్పుకాగితము చుట్టి రుద్దుదురు. మిట్టలయందు నలుపు వెంటనే పోవును, పల్లములయందు మిగులును. ఆ మిగిలిన నలుపే గురువు. పల్లము నింపి, మరల పూసి, మరల రుద్ది, ప్రక్కనున్న దీపముయొక్క నీడ వంకరలేక సాగువరకు ఆ పని నడుచును. ప్రైమరు నెమ్మదిగా ఆరి కుంగును గనుక, తొందరపడి రంగు వేసినచో ఆరు నెలల పిదప గీతలు పైకి తేలును. కావున ఎరిగినవారు వారములకొలది దానిని కదలింపక వదలిపెట్టి, కాలమునే ఒక పనివానిగా నియోగింతురు. కట్టకడపటి పారదర్శకపు పూతను సైతము సన్ననివానికంటె సన్నని కాగితములతో నీరు చల్లుచు రుద్ది, మెరుగు పెట్టినగాని ఆకాశము అందులో చలింపక నిలువదు.

కోరినవాడు ఈ కాలమంతయు ఎట్లు గడపును? ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మనవారనుటలోని అనుభవము అతనికి కలుగును. మొదట కొంత సొమ్ము ముందుగా నిచ్చి, పిదప పని గంటలకును సామానునకును నెలనెలా బిల్లు చెల్లించుట వాడుక. పని నడుచుచుండగా అతని మనసును మారుచుండును: చక్రములు పెద్దవి కావలెననును, చక్రములు పెద్దవైన వెనుక గూడు వెడల్పు చేయవలెను, గూడు మారిన నేల మారవలెను. క్రోమియం పూత వేయు శాలలు పర్యావరణ నిబంధనలచే తగ్గిపోయినందున బంపరొకటి నెలల తరబడి తిరిగి రాదు. ఒక నెల సొమ్ము రాకున్న కారు మూలకు నెట్టబడును, వేరొకని కారు ముందునకు వచ్చును. విశ్వాసము చెడి తగవులైనవియు కలవు. కాలిఫోర్నియాలో 1971 నాటి మోటారు మరమ్మత్తుల చట్టము, పని మొదలిడకమునుపు వ్రాతపూర్వకమగు అంచనా నిచ్చి యజమాని సమ్మతి పొందవలెనని విధించినది. కాని తుప్పు క్రింద నేమున్నదో ముందుగా ఎవడు వ్రాయగలడు? మంచి షాపులవారు ప్రతివారమును ఫోటోలు పంపుదురు, కోరినవానిని పిలిచి ఉత్తరేకుగా నున్న కారు ప్రక్కన నిలబెట్టి మాటాడుదురు. పెట్టిన వ్యయము అమ్మినపుడు తిరిగిరాదని ఇరువురకును తెలియును. తెలిసియు పని సాగుచున్నదన్న, అది వ్యాపారమునకు మాత్రమే సంబంధించినది కాదని చెప్పవలసినదే.

ఈ పనులలో శ్రేష్ఠమైనవి డెట్రాయిట్‌లో జరుగు ఆటోరామా ప్రదర్శనకు చేరును. అచట 1964నుండి ఇచ్చుచున్న రిడ్లర్ బహుమానమునకు, అంతకుమునుపు ఏ ప్రదర్శనలోను కనబడని కారే అర్హము. కావున వేలాది గంటల పనిని ఎవరికంటను పడనీయక దాచియుంచెదరు. సామాన్యులవి మాత్రము ఆగస్టునెల మూడవ శనివారమున వుడ్‌వర్డ్ రాజమార్గముపై తిరునాళ్ళవలె బారులుతీరి సాగును. 1960 దశకమున రాత్రులందు జీటీఓలు పందెములు వేసికొనిన రోడ్డదియే. ఆ ప్రాంతపు కార్ల పరిశ్రమలో ఇంజనీర్లుగా కుదురుకొనిన తెలుగు కుటుంబములు అనేకము. వీథి ప్రక్క కుర్చీలు వేసికొని పిల్లలకు ఆ కార్లను చూపు తండ్రులలో మనవారును ఉందురు.

కమారో పునర్నిర్మాణమున నేల కొత్తది, ప్రక్కరేకులు కొత్తవి, ఇంజను కొత్తది, తీగలు కొత్తవి కాగా, మిగిలిన పాతది ఏది? ముందు అద్దము వెనుక, ఎడమవైపు, రెండు చిన్న మేకులతో బిగించిన వ్రేలెడు రేకు. 1967 నమూనాలో తలుపుస్తంభముపై నుండిన ఆ రేకు 1968నుండి అద్దముగుండ బయటికి కనబడు చోటికి మారినది. దానిని తీయుటగాని మార్చుటగాని చట్టరీత్యా నేరము. 1969 కారుదైనచో దానిపై మొదటి అంకె 1, అనగా షెవ్రొలే. ఆ వెనుక కమారో యని, సిలిండర్లు ఆరో ఎనిమిదో యని, రెండు తలుపులదని తెలుపు అంకెలు. పిదప సంవత్సరమునకు 9. దాని ప్రక్కన ఎన్ అను అక్షరమున్న నార్వుడ్, ఎల్ అను అక్షరమున్న వాన్ నైస్. కడపట, ఆ కార్ఖానాలో ఎన్నవదిగా వచ్చినదో తెలుపు వరుససంఖ్య. రంగువాడు పని మొదలిడునపుడు అన్నిటికంటె ముందుగా దానిపై టేపు అంటించి, పొడి పడకుండ కప్పును. పూతలన్నియు ముగిసి, మెరుగు పెట్టుటయు ముగిసి, కోరినవాడు తలుపువద్ద వచ్చి నిలిచిన నాడు గోటితో మెల్లగా ఆ టేపును ఒలిచివేయును.